బోర్డు ఒప్పుకుంటేనే ప్రాసెసర్

శంషాబాద్ చుట్టుపక్కల డ్రాయింగ్ ఆఫీసుల్లో, పెళ్లి వీడియోల స్టూడియోల్లో పదేళ్లు దాటిన వర్క్‌స్టేషన్లు ఇంకా పని చేస్తున్నాయి. వాటిలో ప్రాసెసర్ మార్చి మరో నాలుగేళ్లు నడపొచ్చు. ఏది పడుతుందో తెలియక చేతులు కాల్చుకుంటున్న వాళ్ల కోసమే ఈ ముఖచిత్ర కథనం.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కి మారాయి. మరుసటి ఏడాది అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది. ఔటర్ రింగు రోడ్డు ముక్కలు ముక్కలుగా పూర్తయింది. రోడ్ల వెనకాలే వెంచర్లొచ్చాయి, వెంచర్ల వెనకాలే ఫంక్షన్ హాళ్లొచ్చాయి. వెంచర్ వేయాలంటే లేఅవుట్ గీయాలి. విల్లా అమ్మాలంటే పునాది తవ్వకముందే ఎలివేషన్‌ని త్రీడీలో చూపించాలి. పెళ్లయితే నాలుగు కెమెరాల ఫుటేజీ, డ్రోన్ షాట్లు కలిపి మిక్సింగ్ చేసి, పదహారు రోజుల పండగ నాటికి కనీసం ట్రైలరైనా చేతిలో పెట్టాలి. ఈ పనులు చేసేది పెద్ద కంపెనీలు కావు. కింద జిరాక్స్ షాపు, పైన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కూర్చునే గది. ఆ గదిలో టేబుల్ కింద ఒక బరువైన నల్లటి డబ్బా. అదే వర్క్‌స్టేషన్.

ఆ డబ్బా కొత్తగా వచ్చింది ఇక్కడికి కాదు. ఏ ఐటీ కంపెనీకో, ఇంజనీరింగ్ డిజైన్ సంస్థకో లీజు మీద వచ్చి, గడువు తీరాక లాట్లు లాట్లుగా బయటపడి, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ దాకా చేరుతుంది. అందరూ సీటీసీ అనే ఆ కాంప్లెక్స్ నుంచి శంషాబాద్‌కి, షాద్‌నగర్‌కి, మహబూబ్‌నగర్‌కి వెళ్తుంది. హెచ్‌పీ జడ్420, జడ్620, ఇంకా పాతవైతే జడ్600, జడ్800, డెల్ ప్రెసిషన్, లెనోవో థింక్‌స్టేషన్. రాత్రింబవళ్లు ఆపకుండా నడవడానికే తయారు చేసినవి కాబట్టి పదేళ్లయినా బోర్డు చెక్కుచెదరదు. మెమరీలో పొరపాటు వస్తే దానంతటదే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ఉంటుంది. లోపల ఇంటెల్ జియాన్ ప్రాసెసర్ ఉంటుంది.

కొన్నాళ్లకి పని పెరుగుతుంది. ఫోర్‌కే ఫుటేజీ వస్తుంది, త్రీడీ మోడల్ బరువెక్కుతుంది. ర్యామ్ పెంచుతారు, హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడతారు. రెండూ అయ్యాక మిగిలేది ప్రాసెసర్. అసలు ఖర్చు కూడా ఇక్కడ తక్కువే. 2013లో ఇంటెల్ విడుదల చేసినప్పుడు పన్నెండు కోర్ల జియాన్ ఈ5-2697 వీ2 జాబితా ధర 2614 డాలర్లు. 2011లో వచ్చిన ఆరు కోర్ల ఎక్స్5690 ధర 1663 డాలర్లు. పెద్ద డేటా సెంటర్లు సర్వర్లు మార్చిన ప్రతిసారీ ఇలాంటివి గుట్టలుగా బయటికొస్తాయి. ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో అవి కొద్ది వేల రూపాయల సరుకు. ఒకప్పుడు చిన్న స్టూడియో కలలో కూడా అనుకోని ప్రాసెసర్ ఇప్పుడు దాని చేతికందే దూరంలో ఉంది. నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది ఇందుకే.

చిక్కు ఎక్కడంటే, కౌంటర్ మీద వినిపించే ఒకే ఒక్క మాట దగ్గర: "సాకెట్ సేమే అన్నా, పడుతది." పడుతుంది, నిజమే. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది. మూత బిగుస్తుంది. స్విచ్ వేస్తే మాత్రం ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు.

తేదీ అడిగే బోర్డు

జడ్420 మీద ఒకసారి నింపాదిగా కూర్చుందాం. మన దగ్గర బాగా దొరికేది అదే, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ దాని మీదే. 2012లో వచ్చిన ఈ మోడల్‌లో ఎల్‌జీఏ 2011 సాకెట్ ఉంటుంది. ఆ ఏడాది ఇంటెల్ ఈ5-1600, ఈ5-2600 కుటుంబాలు తెచ్చింది. 2013లో వాటి తర్వాతి తరం, పేరు చివర వీ2 తగిలించుకుని, అదే సాకెట్‌కి వచ్చింది. సాకెట్ ఒకటే, చిప్‌సెట్ ఒకటే. కాబట్టి ఏ జడ్420లోనైనా వీ2 నడవాలి కదా అనిపిస్తుంది. నడవదు. కొన్నిట్లో నడుస్తుంది, కొన్నిట్లో నడవదు. బయటి నుంచి చూస్తే రెండిటికీ తేడా తెలియదు.

తేడా తెలుసుకోవాలంటే సిస్టమ్ ఆన్ చేసి, హెచ్‌పీ బొమ్మ కనిపించగానే ఎఫ్10 నొక్కాలి. నీలం రంగు బయోస్ సెటప్ వస్తుంది. అందులో ఫైల్ మెనూ, దాని కింద సిస్టమ్ ఇన్ఫర్మేషన్. మోడల్ పేరు, ప్రాసెసర్ పేరు, మెమరీ, బయోస్ వెర్షన్ వరసగా ఉంటాయి. ఆ వరసలో ఎవరూ పట్టించుకోని ఒక లైను: బూట్ బ్లాక్ డేట్. అక్కడ 12/28/2011 అని ఉంటే ఆ బోర్డు మొదటి తరం ప్రాసెసర్లు మాత్రమే తీసుకుంటుంది. 03/06/2013 అని ఉంటే వీ2 కూడా తీసుకుంటుంది. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు కాబట్టి అది జూన్ 3 కాదు, మార్చి 6. జడ్620కి, జడ్820కి కూడా ఇదే లెక్క.

బయోస్ అప్‌డేట్ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బయోస్‌లో మనం అప్‌డేట్ చేసేది పెద్ద భాగం. బూట్ బ్లాక్ దాని అడుగున ఉండే చిన్న భాగం. కరెంటు రాగానే అన్నిటికంటే ముందు నడిచేది అదే, ఎదురుగా ఉన్న ప్రాసెసర్ ఎవరో గుర్తుపట్టాల్సింది అదే. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా మెషీన్ పూర్తిగా చచ్చిపోకుండా కాపాడే భాగం కాబట్టి మామూలు అప్‌డేట్‌లో దాన్ని ముట్టుకోరు. ఫ్యాక్టరీలో ఏది రాశారో అదే ఉంటుంది. 2011 నాటి బూట్ బ్లాక్‌కి వీ2 ప్రాసెసర్ అంటే ఎవరో తెలియదు. గుర్తుపట్టదు, ముందుకు పోదు. చిప్ ప్రోగ్రామర్‌తో తిరగరాసే సాహసవంతులు లేకపోలేదు. రోజువారీ పని ఆ ఒక్క మెషీన్ మీద ఆధారపడిన వాళ్లకి ఆ దారి చెప్పలేను.

ఇదే కథ అంతకుముందు తరంలోనూ జరిగింది. 2009లో వచ్చిన జడ్600, జడ్800ల సాకెట్ ఎల్‌జీఏ 1366. మొదట నాలుగు కోర్ల 5500 వరస, 2010లో ఆరు కోర్ల 5600 వరస. బూట్ బ్లాక్ తేదీ 10/30/2009 అయితే ఆరు కోర్లది నడవదు, 01/30/2010 అయితే నడుస్తుంది. మూడు నెలల తేడాతో తయారైన రెండు డబ్బాలు, ఒకే రంగు, ఒకే పేరు. ఒకటి ఆరు కోర్లు మోస్తుంది, ఇంకోటి నాలుగు దగ్గరే ఆగిపోతుంది.

సీటీసీలో మంచి దుకాణదారుడు ఈ సంగతి ముందే అడుగుతాడు.

"అన్నా, జడ్420కి పన్నెండు కోర్లది ఉందా?"

"ఉంది తమ్మీ. నీ బోర్డు డేట్ ఎంత? పదమూడా, పదకొండా?"

"అదేంది? నాకెట్ల తెలుస్తది?"

"ఇంటికి పోయి ఎఫ్10 కొట్టు, ఫొటో తీసి పంపు. అప్పటిదాంక పైసలియ్యకు."

ఇలా చెప్పే మనిషి దొరికితే ఆ దుకాణాన్ని వదలొద్దు. ధర వంద రూపాయలు ఎక్కువైనా సరే.

పేరులోనే ఉంది సగం సమాచారం

జియాన్ పేరు చూస్తే లాటరీ టికెట్ నంబరులా ఉంటుంది గానీ, ప్రతి అంకెకీ అర్థముంది. ఈ5-1650 వీ2లో మొదటి అంకె 1 అంటే ఆ ప్రాసెసర్ ఒంటరిగానే పని చేస్తుంది. ఈ5-2690 వీ2లో 2 అంటే జతగా కూడా నడుస్తుంది. జడ్620లో రెండో ప్రాసెసర్ పెట్టుకుందామని ఇంకో 1650 కొంటే డబ్బు దండగ. ఎన్ని పెట్టినా అవి ఒకదాంతో ఒకటి మాట్లాడుకోలేవు. జత కావాలంటే రెండూ 2600 వరసవే ఉండాలి, రెండూ ఒకే మోడల్ అయ్యుండాలి, వీలైతే ఒకే స్టెప్పింగ్‌వి, అంటే చిప్ డిజైన్‌లో ఒకే సవరణవి, తీసుకోవాలి. పాత 1366 తరంలోనూ అంతే. డబ్ల్యూ3690 ఒంటరిది, ఎక్స్5690 జతది. రెండిటికీ ఆరేసి కోర్లే, రెండిటి వేగమూ 3.46 గిగాహెర్ట్జే.

చివరనున్న వీ అంకె తరాన్ని చెబుతుంది. వీ లేనిది మొదటి తరం, తర్వాత వీ2, 2014లో వీ3, 2016లో వీ4. ఇక్కడ ఇంకో గుంట ఉంది. వీ3, వీ4లు కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 2011-3. పేరు దాదాపు అదే, కాంటాక్టుల లెక్కా అదే. కానీ దానికి డీడీఆర్4 మెమరీ కావాలి, గాట్లు వేరే చోట ఉంటాయి. జడ్420లో వీ3 పెట్టలేం. జడ్440, జడ్640, జడ్840 ఉన్నవాళ్లకే వీ3, వీ4. వాళ్లు బయోస్ అప్‌డేట్ చేసుకుంటే వీ3 నుంచి వీ4కి వెళ్లొచ్చు. మీ మెషీన్ ఏ తరందో తెలియకపోతే డెల్ వాళ్లకి ఇంకో సులువు ఉంది. డబ్బా మీద ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. కంపెనీ సపోర్ట్ పేజీలో అది కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏయే భాగాలతో బయల్దేరిందో మొత్తం వస్తుంది.

ఆ తర్వాత చూడాల్సింది వాట్లు. జడ్600 చిన్న డబ్బా, అందులో రెండు ప్రాసెసర్లు పక్కపక్కనే కూర్చుంటాయి. హెచ్‌పీ దానికి పెట్టిన హద్దు ప్రాసెసర్‌కి 95 వాట్లు. ఎక్స్5650, ఎక్స్5670, ఎక్స్5675 ఆ హద్దులో ఉన్నవే. ఎక్స్5680, ఎక్స్5690 ఒక్కోటి 130 వాట్లు. అవి జడ్800కి తగినవి, జడ్600కి కావు. సాకెట్ ఒకటే కదా అని బిగిస్తే పవర్ సర్క్యూట్ మీద, హీట్‌సింక్ మీద భారం పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఊరి గదుల్లో, ఏసీ లేని చోట, కంపెనీ పెట్టిన హద్దుని ఇంకాస్త తగ్గించి చూసుకోవాలే తప్ప పెంచకూడదని నా గట్టి అభిప్రాయం. పైగా విమానాశ్రయం నుంచి మహేశ్వరం దాకా ఎక్కడ చూసినా కట్టుబడి పనులే. మట్టిదుమ్ము ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ పళ్ల మధ్య పేరుకుపోయి గట్టిపడుతుంది. దాన్ని వదిలించకుండా ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటుంది.

మెమరీని కూడా మర్చిపోకూడదు. ఈ తరాల్లో మెమరీని నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఈ5 మొదటి తరం 1600 వేగం దాకా, వీ2 1866 వేగం దాకా మెమరీని నడపగలవు. జడ్420కి హెచ్‌పీ చెప్పినది అన్‌బఫర్డ్ ఈసీసీ. సర్వర్ల నుంచి ఊడదీసిన రిజిస్టర్డ్ మెమరీ చవగ్గా దొరుకుతుంది కదా అని ప్రాసెసర్‌తో పాటే తెచ్చి పెడితే, మెషీన్ ఆన్ కానప్పుడు తప్పు దేనిదో తేలదు. ఒకసారి ఒక్కటే మార్చాలి.

ఎవరికి ఏది

శంషాబాద్‌లో ఒకే మెట్ల మీద ఎదురెదురు గదుల్లో లేఅవుట్లు గీసే ఆఫీసు, పెళ్లి వీడియోల స్టూడియో ఉన్నాయనుకోండి. ఇద్దరి దగ్గరా 2013 బూట్ బ్లాక్ ఉన్న జడ్420 ఉంది. ఇద్దరికీ ఒకే ప్రాసెసర్ అమ్మడం తప్పు.

ఆటోక్యాడ్, రెవిట్‌లలో మనం గీస్తున్నంతసేపూ పని ఎక్కువగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది. కాబట్టి అక్కడ కావాల్సింది కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగం. ఆరు కోర్ల ఈ5-1650 వీ2 మామూలు వేగం 3.5 గిగాహెర్ట్జ్, ఒకట్రెండు కోర్లే పని చేస్తున్నప్పుడు 3.9 దాకా వెళ్తుంది. డ్రాయింగ్ ఆఫీసుకి అది చాలు. పన్నెండు కోర్ల 2697 వీ2 మామూలు వేగం 2.7, గరిష్ఠం 3.5. ఎక్కువ ధర పెట్టి అది తెచ్చుకుంటే గీత గీసేటప్పుడు మెషీన్ మునుపటికంటే నెమ్మదిగా అనిపించినా ఆశ్చర్యం లేదు. ముందు అందులో ఉన్నది 3.6 వేగం గల నాలుగు కోర్ల ఈ5-1620 అయ్యుంటే మరీను.

రెండరింగ్ లెక్క వేరు. త్రీడీ ఎలివేషన్‌ని ఫొటోలా తయారు చేసేటప్పుడు, గంటల వీడియోని ప్రాసెసర్ మీద ఎన్‌కోడ్ చేసేటప్పుడు కోర్లన్నీ పనిలోకి దిగుతాయి. అక్కడ పన్నెండు కోర్లు రాత్రి పెట్టిన పనిని తెల్లారేలోపు తెమిల్చేస్తాయి. రెండు పనులూ చేసే చోట ఎనిమిది కోర్ల ఈ5-2667 వీ2 నాకు నచ్చుతుంది. 3.3 మామూలు వేగం, 4.0 గరిష్ఠం, 130 వాట్లు. పేరు పెద్దగా వినపడదు గానీ మధ్యేమార్గం కావాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచిది ఆ సాకెట్‌లో కష్టం. కంపెనీ ప్రకటించిన జాబితాలో మీ మోడల్ ఎదురుగా ఏయే ప్రాసెసర్లున్నాయో చూసుకుని, అందులోంచే ఎంచుకోవడం క్షేమం. జాబితాలో లేనివి నడిపేవాళ్లున్నారు. అది వాళ్ల పూచీ.

అన్నిటికీ ఇది మందు కాదు. ఇవాళ్టి మామూలు ఐ5 ఒక్క కోర్ వేగంలో ఈ జియాన్లన్నిటినీ సులువుగా దాటిపోతుంది. 1366 తరం ప్రాసెసర్లకి ఏవీఎక్స్ అనే సూచనల సమితి అసలు లేదు, వీ2 దాకా ఏవీఎక్స్2 లేదు. కొత్త సాఫ్ట్‌వేర్లు కొన్ని అవి లేకపోతే తెరుచుకోవడం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ ప్రాసెసర్లు లేవు. బ్లెండర్ లాంటివి వాడేవాళ్లు లినక్స్‌కి మారి హాయిగా ఉండొచ్చు. ఆటోక్యాడ్ వాళ్లకి ఆ వీలు లేదు. జడ్600, జడ్800 మీద ఇప్పుడు కొత్తగా డబ్బు పెట్టొద్దనే చెబుతాను. జడ్420, జడ్620లకి మాత్రం, అందులోనూ 2013 బోర్డుకి, పెట్టిన ప్రతి రూపాయీ పని చేస్తుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో కొత్త ర్యామ్ ధరలు పైకెగిశాయి. ఇప్పుడు కొత్త సిస్టమ్ కట్టించుకోవాలంటే ప్రాసెసర్ కంటే మెమరీయే భయపెడుతోంది. డీడీఆర్3 ర్యామ్ నిండా ఉన్న పాత మెషీన్‌ని వదులుకోకపోవడానికి అదో బలమైన కారణం.

మూత మీద రాసి ఉన్న దేశం

ప్రాసెసర్ చేతికి తీసుకుంటే లోహపు మూత మీద నాలుగైదు వరసలు చెక్కి ఉంటాయి. ఇంటెల్ పేరు, జియాన్ అని, మోడల్ నంబరు, ఆ దగ్గరే ఎస్ తో మొదలయ్యే చిన్న కోడ్, వేగం. ఆ కోడే ఎస్-స్పెక్. ఎక్స్5650కి ఎస్ఎల్‌బీవీ3, ఈ5-2697 వీ2కి ఎస్ఆర్19హెచ్. మోడల్ పేరుకీ ఈ కోడ్‌కీ పొంతన కుదరకపోతే మూత మీద ఎవరో చెయ్యి చేసుకున్నారని అర్థం. మోడల్ నంబరు ఉండాల్సిన చోట 'ఇంటెల్ కాన్ఫిడెన్షియల్' అని ఉంటే అది ఇంజనీరింగ్ శాంపిల్. పరీక్షల కోసం కంపెనీలకి ఇచ్చినది, అమ్మకానికి ఉద్దేశించింది కాదు. హెచ్‌పీ, డెల్ బోర్డులు వాటిని చాలాసార్లు ఒప్పుకోవు. సగం ధరకిస్తానన్నా వద్దనండి.

కోడ్ దగ్గర్లోని వరసలోనే ఒక దేశం పేరు ఉంటుంది. ఈ తరాల జియాన్ల మీద ఎక్కువగా మలయ్ అనో, కోస్టారికా అనో కనిపిస్తుంది. చిప్‌ని కోసి, ఈ మూత బిగించి, పరీక్షించిన దేశం అన్నమాట. కోస్టారికాలో ఆ పని ఆపేస్తున్నట్టు ఇంటెల్ 2014లో ప్రకటించింది కూడా. ఆ వరసలో మన దేశం పేరు చదివే అవకాశం ఒకప్పుడు శంషాబాద్ పక్కనే ఉండేది.

2006లో, వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సెమ్‌ఇండియా అనే సంస్థతో చిప్‌ల కర్మాగారానికి ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 300 కోట్ల డాలర్లన్నారు. సాంకేతికత ఇవ్వడానికి ముందుకొచ్చింది ఇంటెల్‌కి ఎదురునిలిచే ఏఎండీ. అప్పటికింకా కడుతున్న విమానాశ్రయానికి తూర్పున, రావిర్యాల చుట్టూ, సుమారు 1200 ఎకరాల్లో ఫ్యాబ్ సిటీ అని పేరు పెట్టారు. చిప్‌ల ఫ్యాక్టరీకి విమానాశ్రయం దగ్గరుండటం చాలా ముఖ్యం. సరుకు తేలిక, ధర బరువు. విమానంలోనే రావాలి, విమానంలోనే పోవాలి. ఫ్యాక్టరీ, విమానాశ్రయం రెండూ ఒకే చోట పుడుతున్నాయని అప్పట్లో ఈ ప్రాంతమంతా సంబరపడింది. పెట్టుబడి సమకూరలేదు, ఫ్యాక్టరీ రాలేదు. ఆ భూముల్లోకి సౌరఫలకాల కంపెనీలొచ్చాయి, తర్వాత మొబైల్ ఫోన్ల తయారీ వచ్చింది. ఆ పక్కనే కొంగరకలాన్‌లో ఇప్పుడు ఫాక్స్‌కాన్ ఎయిర్‌పాడ్లు తయారు చేస్తోంది. వేరే రకం ఎలక్ట్రానిక్స్ వచ్చి చేరాయి గానీ, ప్రాసెసర్ మాత్రం ఆ ఎకరాల్లో పుట్టలేదు.

విచిత్రం ఏమిటంటే ప్రాసెసర్ల రూపకల్పన హైదరాబాద్‌లో జరుగుతూనే ఉంది. ఏఎండీకి ఇక్కడ పెద్ద డిజైన్ కేంద్రముంది. ఇంటెల్ 2019 డిసెంబరులో తన కేంద్రం తెరిచింది. నగరం పడమటి అంచున కూర్చుని మన పిల్లలు రాబోయే తరం చిప్‌ల లెక్కలు వేస్తున్నారు. దక్షిణపు అంచున ఇంకో పిల్లవాడు పన్నెండేళ్ల నాటి చిప్ తన బోర్డుకి పడుతుందా లేదా అని తల పట్టుకుంటున్నాడు. ఇద్దరి మధ్య దూరం ఔటర్ మీద అరగంట. ఆ రెండో పిల్లవాడికి కావాల్సిన సమాచారం రాకెట్ శాస్త్రమేమీ కాదు, చెప్పేవాళ్లు లేకపోవడమే లోటు.

బిగించే రోజు

ముందు డేటా బ్యాకప్. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. బయోస్ అప్‌డేట్ చేసినా, ప్రాసెసర్ మార్చినా అది తాళం వేసుకుని కీ అడగొచ్చు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్‌ని ఆఖరి వెర్షన్‌కి తేవాలి. కొత్తది బిగించాక అప్‌డేట్ చేద్దామనుకుంటే, అది గుర్తుపట్టకపోయాక ఇక అప్‌డేట్ చేసే దారి ఉండదు. అప్‌డేట్ జరుగుతున్నంతసేపూ యూపీఎస్ ఉండాలి.

పవర్ వైరు పీకి, స్విచ్ ఒకసారి నొక్కి వదిలి, లోహపు బాడీని చేత్తో ముట్టుకుని మొదలుపెట్టండి. హీట్‌సింక్ స్క్రూలు ఒకేవైపు మొత్తం విప్పకుండా, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం వదులు చేయాలి. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసిన పాత పేస్ట్ ఎండిపోయి అతుక్కుని ఉంటుంది. వైరు పీకే ముందే మెషీన్‌ని ఓ పావుగంట నడిపి వెచ్చబెట్టి ఆపేస్తే తేలిగ్గా ఊడుతుంది. బలవంతంగా పైకి లాగొద్దు, కొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఎల్‌జీఏ 2011కి రెండు లీవర్లుంటాయి. వాటిని ఏ వరసలో తెరవాలో ఆ లోహపు చట్రం మీదే గుర్తులుంటాయి.

ఇక సాకెట్ మూత తెరిచిన తర్వాత కనిపించే దృశ్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఈ సాకెట్లలో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డుకే ఉంటాయి. వెంట్రుక మందాన 2011 బంగారు రంగు తీగలు, అన్నీ ఒకే వాలుకి వంగి, వెలుతురు పక్క నుంచి పడితే తళుక్కుమంటాయి. టార్చ్ పట్టి ఏటవాలుగా చూడండి. ఒక్క పిన్ను వరస తప్పినా అక్కడ వెలుగు విరిగినట్టు కనిపిస్తుంది. ఒక పిన్ను వంగితే ఒక మెమరీ స్లాట్ పోవచ్చు, ఏకంగా బోర్డే పోవచ్చు. సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేటప్పుడు కూడా ఈ పని చేయించుకోవాలి. దుకాణదారుడు ఒప్పుకోకపోతే కొనకండి. ప్రాసెసర్‌ని అంచులు మాత్రమే పట్టుకుని, గాట్లు సరిచూసుకుని, నిట్టనిలువుగా దించి వదిలేయాలి. నొక్కకూడదు, జరపకూడదు. సాకెట్ లీవర్లు బిగించాక ప్రాసెసర్ లోహపు మూత మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ చాలు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండి, ఒకట్రెండుసార్లు దానంతటదే ఆగి మొదలవ్వొచ్చు. మెమరీని కొత్త ప్రాసెసర్ కొలుచుకుంటోంది, కంగారు పడొద్దు. హెచ్‌పీ పవర్ లైటు ఎర్రగా మూడుసార్లు వెలిగి ఆరుతూ బీప్ వస్తుంటే ప్రాసెసర్ కనబడలేదని చెబుతోంది. అయిదుసార్లయితే మెమరీ గొడవ, ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. రెండుసార్లయితే వేడి, హీట్‌సింక్ సరిగా ఆనలేదు. లోపలికి వెళ్లగానే సీపీయూ-జడ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో పేరు, కోర్లు, స్టెప్పింగ్ సరిచూసుకుని, గంటసేపు పెద్ద రెండర్ పెట్టి ఉష్ణోగ్రత చూడాలి. అది నిలకడగా ఉంటేనే పాత ప్రాసెసర్‌ని డ్రాయర్‌లో దాచి ముందుకెళ్లండి. నెల రోజుల దాకా దాన్ని అమ్మకండి.

ఈ-వ్యర్థాల మీద కేంద్రం 2022లో తెచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత వస్తువుని తుక్కులోకి పంపే ముందు మరమ్మతు చేసి ఆయువు పెంచడాన్ని అవి గుర్తిస్తాయి. కంప్యూటర్లు తయారు చేసే కంపెనీలు కూడా ఆ గుర్తింపుకి తగ్గట్టు నడుచుకోవాలి. ఏ బోర్డుకి ఏ ప్రాసెసర్ పడుతుందో చెప్పే పాత జాబితాలు, ఆఖరి బయోస్ ఫైళ్లు మోడల్ ఆగిపోయిన పదిహేనేళ్ల దాకానైనా తమ పేజీల్లో ఉంచాలి. దానికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు, దాని వల్ల బతికే మెషీన్లు మన ఒక్క జిల్లాలోనే బోలెడు.

సీటీసీ దుకాణదారులనూ ఒకటి అడగాలి. వర్క్‌స్టేషన్ అమ్మిన బిల్లు మీద ఇప్పుడు 'జడ్420, 16 జీబీ, 1 పీస్' అని రాస్తున్నారు. దాని పక్కనే బూట్ బ్లాక్ తేదీ, పవర్ సప్లై వాట్లు, ప్రాసెసర్ అమ్మితే ఎస్-స్పెక్ కోడ్, ఇంకా బోర్డు ఒప్పుకోకపోతే వారంలోపు మార్చిస్తామన్న ముక్క కూడా రాయండి. కొనేవాళ్లు అవి లేని బిల్లు తీసుకోకండి.